సిగ్నల్ లేదని రాశాను

రేగుంటలో మా మేనత్త పొలంలో నాట్లు పడుతున్న రోజది. పూణే నుంచి నాలుగు రోజుల సెలవు మీద గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచ వచ్చి, ఆ పొద్దున అత్తను చూడటానికి వెళ్లాను. సెలవే అయినా ఆ వారం డ్యూటీ నాదే.

ఒక ఉపగ్రహం పంపే సమాచారాన్ని చూడటం మా బృందం పని. ఎక్కడో కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక భారీ నక్షత్రం కుప్పకూలినప్పుడు, గామా కిరణాలు కొన్ని సెకన్ల పాటు ఒక్కసారిగా ఎగసిపడతాయి. ఉపగ్రహం వాటిని పసిగట్టగానే మా ఫోన్లకు అలర్టు వస్తుంది. అది నిజమైన విస్ఫోటనమా, పరికరానికి తగిలిన వేరే కణాలా అని డ్యూటీలో ఉన్న మనిషి తేల్చాలి. నిజమైతే ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో లెక్కగట్టి, రాత్రి నడుస్తున్న దేశాల్లోని టెలిస్కోపుల వాళ్లకు చెప్పాలి. అక్కడ మిగిలే మసక వెలుగు గంటల్లోనే సన్నగిల్లిపోతుంది. అది దొరికితేనే విస్ఫోటనం ఎంత దూరంలో జరిగిందో తెలిసేది.

డ్యూటీకి ఎప్పుడూ ఇద్దరం ఉంటాం. ఆ వారం నాకు జోడీ మా జూనియర్. గోదావరికి ఆవల, భూపాలపల్లి వైపు పిల్ల. ఆఫీసులో అందరితో హిందీ మాట్లాడి నాతో మాత్రం మా యాసలో మాట్లాడేది. ఆ పొద్దున ఫోన్ చేసింది.

"అక్కా, జరమొచ్చింది. గోలీ ఏసుకున్న. కండ్లు మూతలు వడుతున్నయ్."

"నువ్వు పండుకో. నేను చూస్త."

"ఆడ సిగ్నల్ ఉంటదా?"

"ఉంటది. పరేషాన్ కాకు."

నిజంగానే ఉంది. అత్త ఇంటి అరుగు మీద కూర్చుంటే ఫోన్లో మూడు గీతలు. పొలానికి బయల్దేరుతూ అత్త నా ముందు ఆగింది.

"ఎప్పుడు సూడు గా ఫోన్లనే మొకం వెట్టి కూసుంటవ్. ఏడాదికొక్కపాలి వస్తివి. జర బురదల కాలు వెట్టరాదు?"

ఫోన్ సైలెంట్‌లో పెట్టి, సంచిలో వేసి, సంచిని ఇంట్లో కొయ్యకు తగిలించాను. ప్లాస్టిక్ కవరులో చుట్టి గట్టు మీద పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. మరచిపోయి కాదు. ఆ కాసేపు నన్నెవరూ పిలవకూడదనిపించింది.

పొలంలో నా వరస చూసి ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. "ఇదేంది బిడ్డా, నువ్వు ఏసిన నాటు బర్రె నడిసినట్టున్నది," అంది అత్త. అంత హాయిగా నవ్వి చాలా రోజులైంది.

నాలుగింటికి వచ్చి చూస్తే అలర్టు పన్నెండున్నర దాటాక వచ్చి ఉంది. దాని వెనక గుర్తుచేసే సందేశాలు. గ్రాఫు చూడగానే తెలిసిపోయింది, నిజమైనదే. గీత నిట్టనిలువుగా లేచి, పడి, మళ్లీ లేచింది. బురద కాళ్లతోనే అరుగు మీద లాప్‌టాప్ తెరిచి లెక్కకట్టాను. దక్షిణాకాశం. నేను కబురు పంపేసరికి చిలీలో తెల్లవారిపోయింది. మిగతా ఉపగ్రహాలకు ఆ సమయంలో భూమి అడ్డం ఉంది. దూరంగా తిరుగుతున్న అంతరిక్ష నౌకలకు ఆ కిరణాలు ఏ క్షణంలో తగిలాయో పోల్చి, కొన్ని రోజులకు చోటు తేల్చారు. అప్పటికి అక్కడ ఏమీ మిగల్లేదు. మా పట్టికలో ఆ విస్ఫోటనం పక్కన దూరం గడి ఖాళీగా ఉండిపోయింది.

ఆలస్యానికి కారణం రాయాల్సి వచ్చినప్పుడు ఇలా రాశాను: "గడ్చిరోలి సరిహద్దు పల్లె. సిగ్నల్ లేదు."

ఎవరూ రెండో ప్రశ్న అడగలేదు. గడ్చిరోలి అంటే అడవి జిల్లా, ఎవరూ అడగరని నాకు తెలుసు. తెలిసే రాశాను.

మీటింగులో జూనియర్ తనంతట తానే లేచి, మందు వేసుకుని నిద్రపోవడం తన తప్పని చెప్పింది. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ రోజే కొత్త నియమం పెట్టారు: గోదావరికి అటూ ఇటూ ఉన్న ఆ సరిహద్దు ఊళ్లకు వెళ్లేవాళ్లు డ్యూటీ తీసుకోకూడదు. రెండు నెలలకు ఆ పిల్ల ఇంటికి వెళ్తే ఆమె వంతు ఇంకొకరికి ఇచ్చారు. ఆ వారమే పెద్ద విస్ఫోటనం ఒకటి దొరికింది. దాని గురించి రాసిన పత్రంలో ఆమె పేరు లేదు.

తిరిగొచ్చాక నన్ను అడిగింది. "మా ఇంట్ల సిగ్నల్ మంచిగనే ఉంటది అక్కా. ఎంత చెప్పినా ఎవలు నమ్ముతలేరు. మీ దిక్కు గంత అద్వానమా?"

తర్వాతి మీటింగులో లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. మా బృందం పెద్దాయన ఆ రోజే నియమం తీసేశాడు. నన్ను కొన్నాళ్లు డ్యూటీ నుంచి తప్పించాడు. బయటికొచ్చాక జూనియర్ ఒక్క మాటే అంది.

"జరమొచ్చినందుకు ఇన్ని దినాలు నన్ను నేనే తిట్టుకున్న అక్కా."

ఆ తర్వాత నాతో కూడా హిందీలోనే మాట్లాడసాగింది.

కోతలప్పుడు రేగుంట వెళ్లి అత్తకు అంతా చెప్పాను. చేటలో బియ్యం చెరుగుతున్నది ఆగింది.

"అయితే నా వల్లనేనా బిడ్డా?"

"కాదత్తా. నా వల్లనే."

"గా వెలుగు మళ్ల రాదా?"

"రాదు. ఒక్కసారే."

మళ్లీ చేట అందుకుని చెరిగింది. తర్వాత, "గోదారి ఆవలి పిల్లనే కద. ఒకపాలి తోల్కరా. ఇంత అన్నం తిని పోతది," అంది.

"తోల్కస్త," అన్నాను. ఆ పిల్లను ఇంకా అడగలేదు.