సాలమన్ సారు లెక్క

సాలమన్ సారు ఏ వస్తువునూ వెతకరు. వెతకడమంటే ఆయనకు పరువు తక్కువ. వస్తువు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, వాటికి అంకెలు వేసి, కూడి, పదకొండుతో భాగించి, మిగిలిన శేషం ఎంతో ఆ నంబరు అరలో పెడతారు. కావాల్సినప్పుడు మళ్లీ లెక్కేసుకుని నేరుగా అక్కడికే వెళ్తారు. అందుకే ఎస్.ఆర్. నగర్‌లో వాళ్లింట్లో దువ్వెన నెయ్యి గిన్నె పక్కన ఉండేది.

"తలంతా జిడ్డు సాలమన్!" అని భార్య లోయిస్ గారు మొత్తుకునేవారు.

"రెండింటికీ ఒకటే నంబరొచ్చింది. నేనేం జేస్త?"

"నా పేరుక్కూడా లెక్కెయ్. ఏ అరలో కూర్చోవాలో చెప్పు, అక్కడే కూర్చుంటా!"

కంప్యూటర్ ఉద్యోగాల కోసం జనం అమీర్‌పేట మీద పడిన రోజులవి. టిఫిన్ సెంటర్ పైన మూడో అంతస్తులో మా ఇన్‌స్టిట్యూట్. చేరిన రోజున సారు పేరడిగి, కళ్లు మూసుకుని, పెదాలు కదిపి సీటు చెప్పారు. సుమశ్రీ అని చెప్పాను, నాకు ఏడు. జీవమణికీ ఏడే. ఆ పిల్ల మధిర నుంచి వచ్చింది, మౌసు ముట్టుకోవాలంటేనే భయం. నేనా, విజయవాడలో ఇంగ్లిష్ మీడియం. ఒళ్లు మండిపోయింది.

"సార్, అటు మూడు కంప్యూటర్లు ఖాళీగా ఉన్నాయి!"

"ఉండనీ. లెక్క లెక్కే, అమ్మా. ఒక గూటికి ఇద్దరొస్తే ఏం జేస్తరు? జర జరిగి కూసుంటరు."

జరిగాను. కొన్నాళ్లు మోచేతులతో పొడుచుకున్నాం. తర్వాత ఆమె డబ్బాలో గోంగూర నాదైంది, నా టైపింగ్ వేగం ఆమెదైంది.

చివర్లో మాకు మాటల ఆట తయారుచేసే పని ఇచ్చారు. ఆడేవాడు అక్షరాలు పేర్చి మాట కడితే, అలాంటి మాట నిఘంటువులో ఉందో లేదో కంప్యూటర్ చెప్పాలి. నేను రాసిన ప్రోగ్రాం మొదటి మాట నుంచి వరసగా వెతుక్కుంటూ పోయేది. కింద ఇరానీ చాయ్ తాగొచ్చినా జవాబు వచ్చేది కాదు.

సారు ముఖం ఎర్రబడింది. "వెతుకుతున్నవా? నా క్లాసుల కూసోని వెతుకుతున్నవా? మాటకు నంబరు కట్టు, సీదాగ ఆ గూటి తలుపే కొట్టు!"

మాటలన్నీ అలాగే వేల గూళ్లలో సర్దాం. ఈసారి ఎంటర్ నొక్కీ నొక్కగానే జవాబు. జీవమణి కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

ఆ ఆటను పంజాగుట్టలో ఒక కంపెనీ వాళ్లకు చూపించాలి. నచ్చితే ఉద్యోగం. రాకపోతే జీవమణి హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్లిపోవాలి, ఇక చదివించేది లేదని ఇంట్లో చెప్పేశారు. ఇంతలో ఇన్‌స్టిట్యూట్ ఓనరు హనుమత్ప్రసాద్ గారు అడ్డం పడ్డారు.

"సుమశ్రీ ఒక్కతే వెళ్తుందండీ. ఆ అమ్మాయికి ఇంగ్లిష్ రాదు, మన పరువేంటి?"

"ఏడో సీటంటే ఇద్దరు," అన్నారు సారు. "పంపితే ఇద్దర్నీ పంపండి. లేకుంటే నన్ను సుత తీసేయండి."

"నేను ఓనర్నండీ!"

"గట్లనా? పేరు జెప్పండి, ఏ అరల పడ్తరో చూస్త."

ఓనరు గారు విసుక్కుంటూ ఇద్దరి పేర్లూ రాసిచ్చారు. ఇద్దరం వెళ్లాం.

అక్కడ కంపెనీ ఆయన ఆటంతా చూసి, "రెండు మాటలకు ఒకే నంబరొస్తే?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపు జీవమణి తెలుగులోనే చెప్పేసింది.

"జరిగి కూర్చుంటాయి సార్. మేమిద్దరం కూర్చోలేదా?"

ఆయన పగలబడి నవ్వాడు. ఇద్దరినీ తీసుకున్నాడు.

ఉద్యోగంలో చేరాక ఒక మధ్యాహ్నం తోచక మా పేర్లకు సారు లెక్క వేసి చూశాను. సుమశ్రీకి ఒకటి. జీవమణికి మూడు. ఎన్నిసార్లు కూడినా ఏడు రాదే! సాయంత్రం అమీర్‌పేట మెట్లెక్కి నిలదీశాను.

"సార్, మాకు ఏడు రాలేదు!"

"రాలే," అన్నారు సారు, ఏ మాత్రం తొణక్కుండా. "ఆ పిల్లకు భయం, నీకు ధైర్యమెక్కువ. పక్కపక్కన వెట్టిన."

"మరి లెక్క?"

"దువ్వెనకైతే లెక్క. మనుషులకేం లెక్క? మెల్లగ మాట్లాడు, కొత్త బ్యాచుంది."

ఏడో సీట్లో ఇద్దరు కుర్రాళ్లు ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్లలో ఒకడు నా వైపు తిరిగి రుసరుసలాడాడు. "చూడండి మేడం, అన్ని సిస్టంలు ఖాళీగా ఉన్నాయి. ఇదేం అన్యాయం?"

సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"లెక్క లెక్కే, బాబూ," అన్నాను. "కొంచెం జరిగి కూర్చో."