వాగు దాటిన పాలపిట్ట

ముందు చాయ్ తాగుండ్రి, లేకుంటె నవ్వినప్పుడు పొరపోతది. మొన్న దసరాకు అత్తగారింట్ల నేను చేసిన ఘనకార్యం చెప్త వినుండ్రి. ఒక ఊరి పండుగను తీస్కపోయి ఇంకో ఊరికి అప్పజెప్పొచ్చిన!

పెండ్లైనంక నాకు మొదటి దసరా. షాద్‌నగర్‌ల మా సేటును బతిమాలి దుకాణానికి సెలవు పెట్టిన. మోటరెక్కి మక్తల్‌ల దిగి, కొత్త ధోతి, కొత్త రుమాలుతోని నడుచుకుంట ఊరు చేరిన. అత్తగారోళ్లు గొర్లకాపర్లు. మేము గూడ గదే, గని మా నాయిన ఎన్నడో మంద అమ్మేసిండు. అందుకే మా బామ్మర్ది మల్లేశుకు నేనంటె ఎగతాళి.

"బావా, గొర్రెకు మేకకు ఫరక్ తెలుస్తదా నీకు?" అంటడు, పదిమందిల!

ఈ పండుగకన్న వాని నోరు మూయించాల్నని పట్టు పట్టిన. పొద్దు వాలంగ ఊరంత డప్పులతోని పొలిమేరకు ఎల్లింది. అక్కడి ఆచారమేందంటె, పాలపిట్ట కండ్ల పడ్డంకనే జమ్మిచెట్టు కాడికి పోవాలె. జమ్మి ఆకు పెద్దల చేతుల పెట్టినంకనే ఇంట్ల మాంసం ముద్ద. నేను పొద్దటిసంది కూర వాసనతోనే బతుకుతున్న. పిట్టను ముందుగాల నేనే చూపిస్తె అల్లుని ఇజ్జత్ నిలవడ్తదని అందరికంటె ముందు నడిచిన.

కనవడ్డది! తుమ్మచెట్టు కొసకొమ్మ మీద!

"మామా, అగో పాలపిట్ట!"

మామ ముసలోళ్లతోని మెల్లగ వెనుక వస్తుండు. కండ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూసిండు. "మట్టిరంగు కొడ్తాంది. గువ్వేమో పిలగా." మల్లేశు కిసుక్కున నవ్విండు.

నాకు చిన్నప్పటిసంది ఒకటే వింత. కూసున్నప్పుడు ఆ పిట్ట గంత నీలం యాడ దాస్తది? ఎగిరితె గద తెలిసేది! అందరు దగ్గరికొచ్చేదాంక ఆగొచ్చు. ఆగలే. చెట్టు కిందికి ఉరికి, రుమాలిప్పి "హోయ్!" అని ఊపిన.

లేసింది. అబ్బ, ఏం నీలమది! నేను నోరు తెరిచి చూస్తుండంగనే పోయి అవతల మోదుగచెట్టు మీద వాలింది.

"చూసిండ్రా?"

"యాడ! గట్టు అడ్డమొచ్చింది" అన్నడు మామ.

ఇగ మళ్ల ఉరికిన. అది ఇంకో చెట్టుకు, నేను దాని వెనుక, నా వెనుక ఊరు, డప్పులు. ధోతి ముండ్లకు చినిగింది, ఒక చెప్పు యాడ పోయిందో తెల్వదు. "నిలవడు పిలగా! అది అవతలోళ్ల హద్దు!" అని మామ ఒర్లుతుండు. నేను వింటెనా!

ఆఖరికి పిట్ట వాగు దాటి, రెక్కలు మొత్తం విప్పుకొని, ఒడ్డు మీద నిలవడ్డ జనం నెత్తుల మీదికెల్లి పోయింది. వాళ్లు ఒక్కసారే చేతులెత్తి మొక్కిండ్రు. నేను సుత నీళ్లల్ల ఉరికి ఆ ఒడ్డెక్కిన. చూస్తె పక్కూరోళ్లు! ఆ ఊరు వేరే జాగీరు. మేతబీడు కాడ రెండూళ్లకు ఎన్నేండ్లసందో పడదు. పొద్దటిసంది పిట్ట దొరక్క వాళ్లు ఫికర్ల ఉన్నరట. వాళ్ల పెద్దమనిషి ఉరికొచ్చి నన్ను కావలిచ్చుకున్నడు.

"ఎవరి అల్లునివో గని సల్లగుండు బిడ్డా! పిట్టను తోలుకొచ్చి మా పండుగ నిలవెట్టినవ్!"

వెనక్కి తిరిగి చూస్తె, ఇవతలి ఒడ్డున మా అత్తగారి ఊరంత నిలవడి నన్నే చూస్తాంది. డప్పులు సుత బందైనయి. అంతల పొద్దు గూకింది. మా అత్తగారి ఊరోళ్లు ఒడ్డుకొచ్చేసరికే పిట్ట మాయమైంది, ఇగ దాన్ని చూడకనే జమ్మికి పోయిండ్రు. సిగ్గుతోని నాకు భూమిల సొచ్చుకపోదామనిపిచ్చింది. అత్త కూర వడ్డిచ్చింది, నేను తల ఎత్తకుంట తిన్న. మల్లేశు ఊకుంటడా?

"ఏం తోలినవ్ బావా! గొర్లు సుత గంత మంచిగ నడువయి!"

తెల్లారి ఎల్లేటప్పుడు మామను పక్కకు పిలిచిన. "మామా, వచ్చే దసరాకు నన్ను రమ్మంటవా, వద్దంటవా?"

మామ నా భుజం మీద చెయ్యేసిండు. "అయ్యో, నువ్వు రాకుంటె ఎట్ల పిలగా! తప్పక రా. కాకుంటె మక్తల్ దిక్కుకెల్లి రాకు. వాగు అవతలికెల్లి ఉరుక్కుంట రా."