అల్లుడి చరణం

ఆ రోజుల్లో నాకు రాని పని లేదనుకునేదాన్ని. ఆ రోజులంటే తాతల కాలం కాదు లెండి, బేగంపేటకు మెట్రో రైలు కొత్తగా షురువైన రోజులు. అక్కడ ఒక చిన్న యాడ్ ఫిలిం ఆఫీసులో అసిస్టెంటుగ చేరి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో నేను చేసిందల్లా లైటు స్టాండ్లు మోసుడు, యాక్టర్ల నెత్తి మీద గొడుగు పట్టుడు, అందరికీ చాయ్ చెప్పుడు. అయినా సాయంత్రం ఇంటికొచ్చి, మా అమ్మ ముందు మాత్రం "ఇయ్యాల షూట్ జెర హెవీ ఉండె" అనుకుంట సోఫాలో కూలబడేదాన్ని. పిచ్చి తల్లి నమ్మేది. నమ్మి ఊరుకోకుండ చుట్టాలందరికీ ఫోన్లు చేసి "మా బిడ్డ సినిమా కెమెరా మీద చేస్తున్నది" అని చెప్పుకునేది. (సినిమా కెమెరా మీద నేను చేసింది దుమ్ము తుడుచుడు.) ఆ మాటే ఆఖరికి నా మెడకు చుట్టుకున్నది.

మా అమ్మమ్మకు ఒక చెల్లెలు, బన్సీలాల్‌పేట్‌లో ఉంటది. మేమంతా చిన్నమ్మమ్మ అంటం. మా చుట్టాల్లో ఎవరి పెళ్ళైనా సరే, అప్పగింతలప్పుడు పాట పాడేది ఆమెనే. వాళ్ళమ్మ నేర్పిన పాట. ఏ పుస్తకంలో లేదు, ఇంకెవ్వరికీ పూర్తిగ రాదు. పెళ్ళికూతురి చెయ్యి పట్టుకొని ఆమె మొదలుపెట్టిందంటే, అప్పటిదాకా కుర్చీల కాడ లొల్లి పెట్టుకున్నోళ్ళు సుత ముక్కులు చీదుడు షురూ చేస్తరు. ఒక్క మా చిన్నతాత తప్ప. రైల్వే పార్సిల్ ఆఫీసులో రిటైరైన మనిషి. పెళ్ళాం గొంతు సవరించుకున్నదంటే చాలు, "వంటోళ్ళను చూసొస్త" అని లేచి బయటికి పోతడు. పాట అయిపోయినంక తిరిగొచ్చి "అయిందా నీ రేడియో?" అంటడు. యాభై ఏండ్ల కాపురంలో ఆ పాట బాగున్నదని గానీ బాలేదని గానీ ఆయన నోటి నుంచి విన్నోళ్ళు లేరు. చిన్నమ్మమ్మకు అదొక్కటే కొదువ. "ఊరు ఊరంత ఏడుస్తది, ఈ మనిషికి మాత్రం చీమ కుట్టినట్టు సుత ఉండదు" అని మా అమ్మతోని చెప్పుకొని బాధపడేది.

ఆ ఎండాకాలంలో చిన్నమ్మమ్మ మెడలో గడ్డ ఉన్నదని తేలింది. థైరాయిడు. ప్రాణానికి భయం లేదు గానీ తీసెయ్యాలె అన్నడు డాక్టరు. తీసినంక గొంతు మారొచ్చు, పైకి పలకకపోవచ్చు అని సుత ముందే చెప్పిండు. మంగళవారం ఆపరేషన్ అనంగ శుక్రవారం పొద్దున ఆమె బిడ్డ, అంటే మా పిన్ని, నాకు ఫోన్ చేసింది. "నీ దగ్గర సినిమా కెమెరా ఉన్నదట గదనే. ఆదివారం వచ్చి అమ్మ పాట జెర మంచిగ రికార్డు చెయ్యే. మళ్ళ ఆ గొంతు ఉంటదో ఉండదో" అన్నది. నాకు రాదు పిన్నీ, ఇంకెవరినైనా పిలువుండ్రి అని అప్పుడే చెప్పాల్సింది. చెప్పిన్నా? "దానిదేమున్నది పిన్నీ, నేనున్న గద!" అన్న.

ఆఫీసులో మా సార్‌ను బతిమిలాడి ఒక చిన్న సినిమా కెమెరా అడుక్కున్న. టిఫిన్ డబ్బా అంత ఉంటది గానీ, దాంట్ల బొమ్మ పెద్ద తెర మీద వేసినా చెక్కుచెదరదు. సార్ దాన్ని చేతిలో పెట్టి, బిడ్డను అత్తారింటికి పంపుతున్నట్టు అప్పగింతలు పెట్టిండు. "చూడమ్మా, బొమ్మకు దీన్ని మించింది లేదు. దీని లోపలి మైకు మాత్రం ఉత్త దండుగ. దూరంగ పాడేటోళ్ళను వదిలిపెట్టి పక్కన కూసున్నోళ్ళ ఊపిరిని పట్టుకుంటది. అందుకే సౌండు రికార్డరు వేరే తీస్కపో. మైకు ఆమె నోటికి దగ్గర పెట్టు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని విను. ముందుగాల ఒక్క చప్పట కొట్టు, కెమెరాలో ఆ చప్పటను, రికార్డర్‌లో ఆ చప్పటను కలిపితే బొమ్మ, సౌండు రెండూ అతుక్కుంటయ్." నేను తల ఊపిన. నా తల ఊపుడు చూస్తే ఎవరైనా నాకు ఇరవై ఏండ్ల అనుభవం ఉన్నదనుకుంటరు.

ఆదివారం పొద్దున బన్సీలాల్‌పేట్ ఇంట్లో నేను చేసిన హంగామా అంతా ఇంతా కాదు. ఫ్యాన్ బంద్ చేయించిన. ఫ్రిజ్ బంద్ చేయించిన. వీధి చప్పుడు రావొద్దని కిటికీలకు బొంతలు కట్టించిన. (మే నెల, పదకొండు గంటలు. మీరే ఊహించుకోండి.) మైకు స్టాండు తెచ్చుకోవడం మర్చిపోయి, బూజు కర్రకు మైకు కట్టి రెండు కుర్చీల మధ్య నిలబెట్టిన. అది చూసి చిన్నమ్మమ్మ "నా గొంతుల బూజు దులుపుతవానే?" అని నవ్వింది. పక్కింటి ముస్లిం పెద్దామె, మేమంతా ఖాలా అంటం, తనకు తానే వచ్చి "బిడ్డా, మా ఇంట్ల మిక్సీ, టీవీ అన్ని బంద్ చేసొచ్చిన, ఫికర్ చెయ్యకు" అని, తనకు సుత పాట వినాలని ఉన్నదని కూసున్నది. చిన్నమ్మమ్మ ఒక గోడకు, కెమెరా ఎదురు గోడకు. మా అమ్మ, పిన్ని, ఖాలా కెమెరాకు దూరంగ, పక్క గోడకు చాప మీద. తలుపు వేసి, దానికి అడ్డంగనే కెమెరా నిలబెట్టిన గనుక చిన్నతాతకు పారిపోయే తోవ లేకుండ పోయింది. కెమెరా పక్కనే స్టూలు మీద చెమటలు కార్చుకుంట కూసోని "ఇది పాటనా, పెసరట్టు పెనమా?" అని గునిగిండు.

"అందరు సైలెంట్!" అని, సార్ చెప్పినట్టు గదిల నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టిన. అంతే, అందరూ చప్పట్లు కొట్టిండ్రు. మా అమ్మైతే మురిసిపోయి మరీ కొట్టింది. చిన్నమ్మమ్మ బిత్తరపోయి "నేనింక పాడనే లేదు గదనే!" అన్నది. ఇది మెచ్చుకునే చప్పట కాదు, మిషన్‌కు చెప్పే చప్పట అని అందరికీ వివరించి రెండోసారి కొట్టిన. ఈసారి ఖాలా ఒక్కతే కొట్టి "అయ్యో, అలవాటుల పొరపాటు" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. మూడోసారికి గది కుదుటపడ్డది. ముసిముసి నవ్వులు ఆగినంక చిన్నమ్మమ్మ కండ్లు మూసుకొని పాట ఎత్తుకున్నది.

నేను ఆ పాటను పది పెండ్లిండ్లలో విన్న. కానీ హెడ్‌ఫోన్లలో విన్నది ఆ రోజే. పలుకుకూ పలుకుకూ మధ్య ఆమె ఊపిరి తీసుకునేది, చేతి గాజు ఒకటి ఇంకో గాజును తాకేది, "తల్లీ" అన్నకాడ గొంతు సన్నగ వణికేది, అన్నీ నా చెవిలోనే చెప్తున్నట్టు వినిపించినయ్. చివరి చరణానికి నా కండ్లలో నీళ్ళు ఆగలేదు. ఇంత మంచి సౌండు నేను పట్టుకున్న అని గర్వం ఒకపక్క, ఎల్లుండి ఈ గొంతు పోతదేమో అని దుఃఖం ఒకపక్క. పాట అయిపోయినంక ఖాలా మెల్లగ "సుభానల్లా" అన్నది. చిన్నతాత తువ్వాలతో మొఖమంతా తుడుచుకొని "ఇగ ఫ్యాన్ వెయ్యొచ్చా?" అన్నడు.

మామిడికాయ పప్పుతోని అన్నం తిని, చెయ్యి కడుక్కొని, దర్జాగ రికార్డరు తెరిచి చూసిన. దాంట్ల ఏమీ లేదు. మళ్ళ చూసిన. కార్డు తీసి, ఊది, పెట్టి చూసిన. లేదు. ఆ రికార్డరుకు బటన్ ఒకసారి నొక్కితే ఎర్ర లైటు మినుకు మినుకుమంటది, అంటే నేను తయార్ అని. హెడ్‌ఫోన్‌లో అంతా మంచిగనే వినిపిస్తది. రెండోసారి నొక్కితే లైటు నిలకడగ వెలుగుతది, అప్పుడు రికార్డు అవుతది. నేను ఒక్కసారే నొక్కిన. లైటు మినుకుతుంటే ఎంత హుషారుగ పనిచేస్తున్నదో అనుకున్న. ఇగ మిగిలింది ఆ కెమెరా లోపలి దండుగ మైకు ఒక్కటే.

దాచుదామనుకున్న గానీ చిన్నమ్మమ్మ మొఖం చూస్తే నాతోని కాలేదు. మంచం పక్కన కూసోని ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చిన. ఆమె నా నెత్తి మీద చెయ్యేసి "దానికెందుకే ఏడుపు? ఇంకోసారి పాడ్త, పా. మీ పిన్నికి మాత్రం చెప్పకు, నిన్ను నమిలి మింగుతది" అని లేవబోయింది. అప్పుడే వంటింట్లో నుంచి పిన్ని ఉరికొచ్చి "అమ్మా, నోరు తెరిచినవంటే చూడు! గొంతుకు రెస్టు ఇయ్యాలని డాక్టర్ చెప్పలేదా?" అని మళ్ళ పండబెట్టింది. అయిపోయింది. కెమెరా సంచి భుజానికేసుకొని మెట్రో స్టేషన్ మెట్ల మీద కూసోని ఏడ్చిన. ఎవరో పెద్దాయన ఆగి "ఏందమ్మా, ఫోన్ పోయిందా?" అనడిగిండు. అవునన్న. ఫోన్ పోయినా ఇంత బాధ ఉండకపోవు.

ఆపరేషన్ మంచిగనే అయింది. గొంతే డాక్టర్ చెప్పినట్టైంది. మాట బొంగురుగ, కిందికి, ఇంకెవరో మాట్లాడినట్టు వచ్చేది. పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా "రికార్డు ఉన్నది, అదే ధైర్యం" అనేది, నేను "ఎడిటింగ్ నడుస్తున్నది పిన్నీ" అనేదాన్ని. (నడిచేది నా గుండె ఒక్కటే.) మూడు వారాలు తప్పించుకొని, ఇగ తప్పదని ఒక ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకొని పోయిన. కెమెరా మైకుకు పడ్డది ఎంత ఘోరంగ ఉన్నదో వినే ధైర్యం నాకు అప్పటిదాకా రాలేదు. పిన్ని కూరగాయలకు పోయింది. చిన్నతాత ఎదురు కుర్చీలో పేపరు చదువుతున్నడు. "చిన్నమ్మమ్మా, దూరంగ వినిపిస్తది, ఏమనుకోకు" అని హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టిన.

ఆమె కండ్లు మూసుకొని విన్నది. కొంచెంసేపటికి కనుబొమ్మలు ముడిపడ్డయ్. చెయ్యి పైకెత్తి సౌండు పెంచమన్నది. పెంచిన. ఆమె కండ్లు తెరిచి పేపరు దిక్కు చూసింది. చూసుకుంటనే ఉన్నది. నాకు గాబరా పుట్టి, వంగి హెడ్‌ఫోన్ ఒక పక్కది నా చెవికి పెట్టుకున్న. పాట ఎక్కడో దూరంగ, పక్క వీధిలో పాడినట్టుంది. కానీ మైకుకు ఆనుకొని, మగ గొంతు ఒకటి, లోపల లోపల గునుగుతున్నట్టు, అదే పాట పాడుతున్నది. ఆమె కంటె అర క్షణం ముందే మాటలు అందుకుంటున్నది. ఒక్క మాట తప్పు పోవట్లేదు. చరణం తర్వాత చరణం అట్లనే నడిచింది. వంటోళ్ళను చూసొస్తనని ఇన్నేండ్లూ బయటికి పోయిన మనిషి, గుమ్మం అవతల నిలబడి ఎన్ని పెండ్లిండ్లల్ల పాడుకున్నడో!

ఐదో చరణం కాడ ఆ మగ గొంతు టక్కున ఆగిపోయింది. అది అల్లుడికి చెప్పే చరణం. మా పిల్ల నోరు తెరిచి అడగదు, ఆకలి నువ్వే కనిపెట్టుకో, తప్పు చేస్తే కసురుకోకు నాయనా అని, పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకొని పాడేది. ఆ చరణమంతా మైకులో ఆయన ఊపిరి ఒక్కటే వినిపించింది. ఆరో చరణానికి మళ్ళ గొంతు కలిపిండు.

చిన్నమ్మమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నది. "ఏందట్ల చూస్తున్నవ్? మంచిగ రాలేదా?" అన్నడు చిన్నతాత పేపరు దించకుండ. "నీకు ఈ పాట ఎప్పుడొచ్చింది?" అన్నదామె కొత్త గొంతుతోని. పేపరు కదల్లేదు. "నాకేం రాదు. ఖాలా వాళ్ళాయన పాడిండేమో." ఖాలా వాళ్ళాయన ఆ రోజు ఇంట్లనే లేడు. చిన్నమ్మమ్మ ఊరుకునే రకమా? "సరే, ఖాలా వాళ్ళాయననే అడుగుత. అన్ని చరణాలు పాడినోడు, అల్లుని చరణం కాడ నోరెందుకు మూసిండు?"

ఆయన పేపరు ఒక పేజీ తిప్పిండు. తర్వాత పేపరు వెనక నుంచి, పార్సిల్ ఆఫీసులో లెక్క చెప్పినంత మామూలుగ, "అది మన పెండ్లిల మీ అమ్మ నాకు చెప్పింది. వినేటిది. నేనెట్ల పాడ్త?" అన్నడు.

చిన్నమ్మమ్మ కొంగుతోని కండ్లు ఒత్తుకొని, నా దిక్కు తిరిగి "మళ్ళ పెట్టవే" అన్నది. అట్ల ఆ రోజు, హెడ్‌ఫోన్లు లేకుండ పైకే వినిపించేటట్టు, నాలుగుసార్లు పెట్టించుకున్నది. ఇన్ని రోజులు ఆలస్యం చేసినందుకు నన్ను తిట్టడానికి తయారుగొచ్చిన పిన్ని, అందులో వాళ్ళ నాయన గొంతు విని, కూరగాయల సంచి పట్టుకొని గుమ్మంలనే నిలబడిపోయింది.

ఇప్పుడు నేను సౌండు పనే చేస్తున్న. ఎవరి పక్కన ఎవరు దగ్గినా, గునిగినా చిటికెలో తీసేసి శుభ్రం చేసి ఇస్త, నాకు అందులో మంచి పేరే ఉన్నది. ఆ ఒక్క ఫైలు మాత్రం అట్లనే ఉంచుకున్న, వేలు పెట్టలేదు. అప్పటి ఆ పిల్ల, ఏమీ రాకున్నా అన్నిటికీ "నేనున్న గద" అనే ఆ పిల్ల, ఇయ్యాల నా దగ్గరికి పని అడుక్కుంట వస్తే ఖాయంగ తీసుకోను. కానీ వెంటనే పంపించ బుద్ధి కాదు. కూసోబెట్టి, ఒక చాయ్ తాగించి, "మంచి పనే చేసినవ్ పోవే" అని చెప్పి పంపిస్త.