మా నూకరత్నం వదిన గెలిచిన ఎన్నికలు

మా చిన్నప్పుడు ఒక ఏడాది వేసవి సెలవులూ, ఎలక్షన్లూ కలిసొచ్చాయి… అనకాపల్లి నుంచి మేం కశింకోట అవతల అమ్మమ్మగారి ఊరికి వెళ్ళిన మర్నాడే మైకు కట్టిన జీపు వచ్చింది. దాని వెనకాల దుమ్ములో మేమంతా పరుగో పరుగు. ఎవరికి ఎక్కువ కరపత్రాలు దొరికితే వాళ్ళు ఆ పూటకి గొప్ప.

జీపు వెళ్ళిపోయాక "మనవూ ఓట్లాట ఆడుకుందాం" అంది నూకరత్నం వదిన. మా మేనమామ కూతురు, నాకంటే మూడేళ్ళు పెద్ద. అప్పటికి తనకి పదకొండేళ్ళు ఉంటాయేమో…

చెరకు పని అయిపోయి బెల్లం వండే పాక ఖాళీగా ఉండేది. బోర్లించిన పెద్ద పెనమే మాకు వేదిక. ఎక్కి అడుగేస్తే ఖంగుమనేది. ఓ మూల గోనెసంచి అడ్డం కట్టి, వెనకాల రెండు డబ్బాలు పెట్టాం. మనిషికో చింతపిక్క… అదే ఓటు.

పోటీ వదినకీ, వాళ్ళన్న రమణ బావకీ. బావ పెనమెక్కి "నన్ను గెలిపిత్తే రోజూ పుల్లైసు కొనిపెడతాను" అన్నాడు. మేం ఎగిరి చప్పట్లు కొట్టాం. తరవాత వదిన ఎక్కింది.

"బోరింగు పిడి సిన్న గుంటలకి అందట్నేదు. నాను గెలిత్తే అందేలా సేత్తాను."

అంతే మాట్లాడింది. దాహమేసి ఆ పిడి పట్టుకుని వేలాడిన పిల్ల గుంటలమే మేమంతా… చింతపిక్కలన్నీ వదిన డబ్బాలోనే పడ్డాయి. బావ డబ్బాలో ఒక్కటి. అదెవరిదో చెప్పక్కర్లేదు, ఇప్పటికీ బావని ఏడిపిస్తూనే ఉంటాం.

ఆట అయిపోయింది, మేం మర్చిపోయాం. వదిన మర్చిపోలేదు. సాయంత్రం మా అందర్నీ వెంటేసుకుని తాత ముందుకెళ్ళి నిలబడింది. తాత ముందు నవ్వాడు, తరవాత కసిరాడు, చివరికి బోరింగు పక్కన రెండు పెద్ద రాళ్ళు వేయించాడు. వాటి మీదకెక్కితే పిడి మా చేతికి చక్కగా అందేది.

మా తాతకి సంతకం రాదు, వేలిముద్రే. కానీ ఓటు రోజున తలంటు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, ఓటేసొచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. ఆ రాళ్ళు వేయించిన రోజు వదిన తల నిమిరి, "సూడండ్రా ఈ గుంటని… ఇలాటి ఆడగుంటలు కుర్చీలెక్కే రోజొత్తాది. అప్పుడు సూడండి దేశం ఎలాగుంటాదో" అన్నాడు.

నేను నిజంగా నమ్మేశాను. దేశం బాగుపడాలంటే వదిన పెద్దయ్యేదాకా ఆగితే చాలనుకున్నాను…

తాత పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చెప్పిన రోజు మాత్రం వచ్చింది. వదిన అత్తవారి ఊళ్ళో సర్పంచి పదవి ఆడవాళ్ళకి కేటాయించారు. వదినే నిలబడింది. నేను ఆఫీసుకి మూడు రోజులు సెలవు పెట్టి ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాను. గెలిచిందని ఫోనొచ్చినప్పుడు తాతని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మొన్న జెండా పండుగకి వెళ్ళాను. పంచాయతీ ఆఫీసులో వదిన పేరు రాసిన బల్ల… దాని వెనక కుర్చీలో వదిన భర్త. నేను అన్నయ్య అంటాను ఆయన్ని. వదిన ఆడవాళ్ళతో పాటు గోడవారన కూర్చుంది.

ఓ ముసలావిడ లేచి అడిగింది. "సర్పంచమ్మా, మా ఎనక ఈదికి కుళాయి నీళ్ళు ఎప్పుడొత్తాయి తల్లీ?"

వదిన లేచింది. "ఆ పైపు…" అని మొదలుపెట్టింది.

"నువ్వు కూకో. నాను సెప్తాను" అన్నాడు అన్నయ్య.

కోపంగా కూడా అనలేదు. చాలా మామూలుగా అన్నాడు. అంతే మామూలుగా వదిన కూర్చుంది. "పైవోళ్ళతో మాట్లాడతన్నాం, సూద్దాం" అని ఆయన చెప్పాడు. ముసలావిడ కూడా కూర్చుంది. ఎవరికీ తప్పనిపించలేదు.

అన్నయ్య చెడ్డవాడేం కాదు. ఇంకో మాట దాచకుండా చెప్పాలి… ఎన్నికల కరపత్రం నేనే రాశాను. ఆయన ఫోటో పెద్దగా పెట్టించి, "ఫలానావారి సతీమణి" అన్న మాట పైన, వదిన పేరు కింద వేయించింది నేనే. ఆయన్నయితే ఊరంతా ఎరుగుదురు, ఓట్లు పడాలి కదా అనుకున్నాను. ఓట్లు పడ్డాయి.

ఆటో ఎక్కించడానికి వదిన రోడ్డు దాకా వచ్చింది. దారి పొడుగునా ఒకటే మాటలు.

"ఒలే, ఎనకీది పైపు మలుపు కాడ పగిలిపోనాది. నీళ్ళన్నీ కాలవలోకి పోతన్నాయి. కొత్త లైనక్కర్నేదు, ఆ ముక్క మారిత్తే సాలు. నాను దగ్గరుండి సూసొచ్చేను…"

"అక్కడే సెప్పొచ్చు కదా ఒదినా!"

"అక్కడెవులింటారే? నలుగుర్లో ఆయన్ని కాదని సెప్తే ఆయన మాటేటవుతాది? నువ్వింటావని నీకు సెప్పేను."

ఆటో అతను తొందరపెట్టాడు. విన్నాను, ఎక్కేశాను. వచ్చేశాను… నేను మాత్రం ఏం చేశానని?

మంచి రోజులు వస్తాయని ఎదురుచూస్తూ పెరిగినవాళ్ళం మేం. వచ్చిన రోజుని చేజేతులా ఇలా చేసుకుంటామని తాత అనుకుని ఉండడు. ఆ సెలవుల్లో మాకు గొంతెత్తి మాటిచ్చిన వదిన, ఇప్పుడు సర్పంచి అయ్యాక, రోడ్డు మీద నాకొక్కదానికే వినపడేలా చెప్పుకుంటోంది…

మీ ఊరికి ఆడమనిషి సర్పంచి అయితే, కింద కామెంట్లో ఆవిడ పేరు రాయండి. ఎవర్నీ అడక్కుండా రాయగలరేమో చూడండి… ఆయన పేరు కాదు, ఆవిడ పేరు.