రెండో పుట్టుమచ్చ

మా బడి గుమాస్తాను పిల్లలు చాటుగా ‘మచ్చల మేడమ్’ అంటారు. ఎదురుగా అనే ధైర్యం నాకే లేదు, వాళ్లకెక్కడిది! ఆవిడ పక్క గదిలో లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి నేను.

పెద్ద పరీక్ష దరఖాస్తులో ప్రతి ఒక్కరికీ ఒంటిమీది గుర్తులు రెండు రాయాలి. ఆ వారమంతా ఆవిడదే రాజ్యం. కిటికీ దగ్గర స్టూలు వేసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చేతులు, మెడ, ముఖం గాలిస్తుంది. కాఫీరంగు మచ్చ వేరు, నల్ల పుట్టుమచ్చ వేరు అని పాఠం కూడా చెబుతుంది. “చిన్నప్పుడు నడుం మీద నీలం మచ్చ ఉండేదట మేడమ్” అని ఒకడంటే, “అది నీ పాలపళ్లకంటే ముందే పోయుంటుంది. ఇప్పుడున్నది చూపించు” అంది. రెండోది దొరకనివాళ్లు పెన్నుతో చుక్క పెట్టుకొస్తారు. ఆవిడ తడి దూదితో రుద్ది, “నీ పుట్టుమచ్చ నీకంటే పదిహేనేళ్లు చిన్నది నాయనా” అంటుంది. ఇరవై ఆరేళ్లలో ఆ దూదిని దాటిన చుక్క ఒక్కటీ లేదు.

ఈ ఏడాది ఒక అమ్మాయి దగ్గర పని ఆగిపోయింది. దరఖాస్తులు సర్దిపెట్టడానికి ఆ పూట నేనూ ఆ గదిలోనే ఉన్నాను. పుట్టుకతోనే ఆమెకు ఎడమ చెంప నుంచి దవడ దాకా ముదురెరుపు మచ్చ. జుట్టు ఎప్పుడూ అటే వేసుకుంటుంది. స్టూలు మీద కూర్చోకముందే చెప్పేసింది.

“చెంప సంగతి రాస్తే నేను పరీక్షే రాయను మేడమ్. ఆ కాగితం జన్మంతా నాతో ఉంటుంది.”

అప్పుడే హెడ్మాస్టరుగారు తల లోపల పెట్టారు. “అంత పెద్ద గుర్తు కనిపిస్తుంటే వెతుకులాట దేనికండీ? అదే రాసెయ్యండి. సాయంత్రంలోగా పంపాలి.”

పిల్ల ముందే అలా అనాలా? నాకు ఒళ్లు మండింది.

“రెండు రాయమన్నారు గానీ, పెద్దవే రాయమన్నారా సార్?” అంది మేడమ్. ఆయన తల వెనక్కి తీసుకున్నారు.

మొదటిది కుడి మణికట్టు మీద తేలిగ్గానే దొరికింది. రెండోదాని కోసం మోచేతులు, మెడ, చెవుల వెనక, ఆఖరికి కాలివేళ్లు కూడా చూసింది. ఎక్కడా లేదు. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పెన్నుతో పెట్టేసుకుంటాను మేడమ్. మీరు రుద్దకపోతే చాలు.”

ఆవిడ పెన్ను వైపు చూసింది. నిజం, చూసింది. ఇరవై ఆరేళ్ల నిష్ఠకు నీళ్లొదులుతుందేమోనని నేను ఆశపడ్డాను కూడా.

“జుట్టు తియ్యి” అంది చివరికి.

“తియ్యను.”

“రాయడానికి కాదే తల్లీ, వెతకడానికి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని.”

అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుని జుట్టు తీసింది. మేడమ్ ఆమె ముఖాన్ని వెలుతురుకి తిప్పి, కళ్లజోడు సర్దుకుని, “దొరికిందోయ్!” అని నావైపు తిరిగి కేకేసింది. ఎర్రమచ్చ అంచులో, ఆవగింజంత నల్లని పుట్టుమచ్చ. ‘ఎడమ దవడ కింద నల్లని పుట్టుమచ్చ’ అని రాసింది. అందులో అబద్ధం లేదు, ఎరుపు అన్న మాటా లేదు.

“నాకక్కడ పుట్టుమచ్చే లేదు” అంది అమ్మాయి.

“ఎప్పుడు చూసుకున్నావు?”

మేడమ్ సంచీలోంచి చిన్న అద్దం తీసిచ్చింది. అమ్మాయి చాలాసేపు చూసుకుంది. నేను అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాను.

అద్దం దించకుండానే ఆమె అంది, “దవడ కింద కాదు మేడమ్, దవడ మీదే ఉంది. సరిగ్గా చూసి రాయండి.”