కుట్టుకు వదిలిన అంగుళం

మెడలో టేపు లేకుండా మా పెదనాన్నని నేను చూసింది రెండుసార్లే. ఒకసారి ఇల్లు మారిన కొత్తల్లో, ఇంకోసారి ఆయన పోయిన రోజు. ఆ రెండోదాని గురించి రాయడం నాకింకా చేతకావడం లేదు. మొదటిదాని గురించి రాస్తాను. ఇది చదివితే ఆయన ముందు కాస్త కోప్పడి, తర్వాత నాకంటే ఎక్కువ నవ్వేవాడు.

పెదనాన్న కోట్లు కుట్టేవాడు. వీధిలో అందరికీ ఆయన 'టేపాయన'. టీ తాగేటప్పుడు టేపు కొస గ్లాసులో పడి, మొదటి రెండంగుళాలు ఎప్పుడూ టీ రంగులోనే ఉండేవి. మనుషుల్ని ముందు కళ్ళతో కొలిచి, తర్వాత పలకరించేవాడు. నాకు కాబోయే మామగారిని పరిచయం చేస్తే, ఆయన అటు వెళ్ళగానే నా చెవిలో, "మంచివాడే అమ్మడూ, కుడి భుజం అరంగుళం కిందికుంది" అన్నాడు. పెదనాన్న కత్తిరించి కుట్టిన కోటుకి కాజాలు తీయడం, గుండీలు కుట్టడం పెద్దమ్మ పని. ఆయన గీసిన సుద్దగీతని చీకట్లో తడిమి కూడా చెప్పగలనని ఆవిడ అంటూండేది.

వాళ్ళది అద్దె ఇల్లు. ఐదు గదులు, ముందు పన్నెండు మెట్లు. కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళాక కూడా అందులోనే ఉన్నారు. ఒకరోజు పొద్దున్నే పెద్దమ్మ చీపురు పట్టుకునే వచ్చి పెదనాన్న ఎదురుగా నిలబడింది.

"ఐదు గదులు ఊడ్చేది నేను. మీరు కూర్చునేది ఒక్క గదిలో. మిగతా నాలుగూ ఎవరి కోసం ఊడుస్తున్నట్టు? దుమ్ము కోసమా?"

"పాపం, దానికి మాత్రం ఇల్లొద్దా ఏంటే?" అన్నాడు పెదనాన్న.

ఆ వెటకారం ఆయన కొంప ముంచింది. వారం తిరక్కుండా ఆవిడ చిన్న ఇల్లు చూసి, అడ్వాన్సు కూడా ఇచ్చేసి వచ్చింది. హాలు, పడకగది, వంటగది. మెట్లు లేవు. హాల్లో పెద్ద కిటికీ, పొద్దుటి ఎండ నేరుగా నేల మీద పడుతుంది.

పెదనాన్న ఒక్కటే షరతు పెట్టాడు. "నా బల్ల వస్తే నేనొస్తా."

బల్ల అంటే ఆయన గుడ్డ కత్తిరించే బల్ల. ఒక కోటుకి కావలసిన గుడ్డంతా మడత పడకుండా దాని మీద పరుచుకునేది. గుడ్డ తిన్నగా పడుకోకపోతే కోటు తిన్నగా రాదని ఆయన సిద్ధాంతం. అక్కలిద్దరూ ఆ బల్ల కింద బొమ్మల పెళ్ళిళ్ళు చేశారు, నేను సెలవుల్లో వెళ్ళి ఆ బల్ల కిందే నిద్రపోయాను. పైన ఆయన మాత్రం పొద్దుణ్ణించీ నిలబడే ఉండేవాడు. బల్ల లేకపోతే ఆ పనే లేదు. ఆ సంగతి పెద్దమ్మకీ తెలుసు, అందుకే షరతుకి సరేనంది.

సామాను తగ్గించడానికి పెద్దమ్మ ఒక పద్ధతి పెట్టింది. ప్రతి వస్తువునీ చూపించి, "దీన్ని చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు?" అని అడుగుతుంది. జవాబు రాకపోతే ఆ వస్తువు గుమ్మం దాటుతుంది. మొదటిరోజు పెదనాన్న చాలా పోగొట్టుకున్నాడు. రెండోరోజు నేను సాయానికని పెందలాడే వెళ్ళేసరికి, ఆయన ఇల్లంతా తిరుగుతూ పాత కుక్కరునీ, పిడి లేని గొడుగునీ, నడవని గడియారాన్నీ ఒక్కొక్కటిగా ముట్టుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నావు పెదనాన్నా?"

"ష్! మీ పెద్దమ్మ అడిగితే ఇవాళే ముట్టుకున్నానని చెప్పాలిగా. నేను అబద్ధమాడను."

ఇక, కుట్టించుకుని తీసుకెళ్ళని కోట్లు ఒక పెట్టెడు. ఎవరైనా వస్తారేమోనని ఏళ్ళ తరబడి దాచాడు. అందులో ఒకదాని సొంతదారుని పెద్దమ్మ ఎలాగో పట్టుకుని పిలిపించింది. ఆయన వచ్చి తొడుక్కున్నాడు. గుండీకీ కాజాకీ మధ్య జానెడు ఎడం.

"అప్పట్లో బాగానే ఉండేది మాస్టారూ."

"కోటు ఇప్పుడూ బాగానే ఉంది," అన్నాడు పెదనాన్న.

కొలతల బొమ్మ సంగతి మరీ విడ్డూరం. తల లేని ఆ బొమ్మకి పెదనాన్న పాత కోటు తొడిగి, ఎవరైనా పట్టుకుపోతారని గుమ్మం పక్కన నిలబెట్టారు. తెల్లవారుజామున పాలాయన వచ్చి దానికి నమస్కారం పెట్టి, "ఏంటి మాస్టారూ, ఇవాళ పలకట్లేదు?" అన్నాడట. తల లేదన్న సంగతి అతను గమనించనందుకు పెదనాన్న ఆ రోజంతా నొచ్చుకున్నాడు. "అంటే ఇన్నేళ్ళూ వాడు చూసింది నా కోటునేనన్నమాట!"

అసలు కథ కాగితాల దగ్గర మొదలైంది. కొత్త ఇంట్లో ఏది ఎక్కడ పడుతుందో తెలియడానికి, పెదనాన్న తన పద్ధతిలో ప్రతి సామానుకీ కాగితం కత్తిరించాడు. కోట్లకి వాడే మందపాటి కాగితమే. మంచానికొకటి, బీరువాకొకటి, బల్లకొకటి. ఆ కాగితాల చుట్టలు చంకన పెట్టుకుని ముగ్గురం కొత్త ఇంటికి వెళ్ళి నేల మీద పరిచాం. గాలికి లేవకుండా నేను ఒక కొస మీద కాలేసి నిలబడ్డాను.

పడకగదిలో మంచం పట్టింది. బీరువా పట్టలేదు, హాల్లోకి రావలసి వచ్చింది. హాల్లో కిటికీ ఉన్న గోడ వారగా బీరువా కాగితం, దాని పక్కన బల్ల కాగితం వేశాడు. బల్ల కాగితం వెళ్ళి బీరువా కాగితం మీదికెక్కింది. మూడు వేళ్ళ వెడల్పున. ఇటు జరిపాడు. అటు జరిపాడు. బీరువాని తిప్పి వేశాడు. అప్పుడు వంటింటి తలుపుకి అడ్డం వచ్చింది.

పెద్దమ్మ వంగి బల్ల కాగితం అంచు చూసింది. ఏదో అనబోయి, నోరు మూసుకుని, కిటికీ ఊచల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.

"ఇంకోసారి కొలవకూడదా?" అన్నాను.

"నా టేపు తప్పు చెప్పదు తల్లీ," అన్నాడు పెదనాన్న. చాలాసేపు ఆ కాగితం దగ్గరే గొంతుక్కూర్చుని, చివరికి దాన్ని చుట్టేసి లేచాడు.

బల్లని కొత్త వీధి మలుపులో ఉన్న ఇస్త్రీ అతనికి ఇచ్చేశాడు. అతని రేకుల పాక పొడుగ్గా ఉంది, బల్ల హాయిగా పట్టింది. మోసుకెళ్ళిన నలుగురి వెనకా పెదనాన్న నడిచి వెళ్ళాడు. తిరిగొచ్చి, "గాలీ వెలుతురూ బాగానే ఉన్నాయక్కడ," అన్నాడు, ఆడపిల్లని అత్తారింట్లో దింపి వచ్చినట్టు.

చిన్న ఇంట్లో సుఖాలు పెద్దమ్మ నాకు ఫోన్లో చెబుతుండేది. కళ్ళజోడు పోతే వెతకడానికి మూడు చోట్లేనట. పళ్ళేలు రెండే కనక ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కుంటున్నారట. కష్టం ఒక్కటే. "పోట్లాడి ఇంకో గదిలోకెళ్ళి తలుపేసుకుందామంటే, ఆ గదిలో అప్పటికే ఈయనుంటాడే అమ్మాయ్!"

కిటికీ కింద, బల్ల రావలసిన చోట, ఆవిడ ఏమీ పెట్టలేదు. పొద్దున్నే ఎండలో ఒక చాప పరుచుకుని కూర్చునేది. పెదనాన్న మాత్రం నేల మీద గుడ్డ పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ కత్తిరించడానికి ప్రయత్నించాడు. బ్యాంకు మేనేజరుగారి కోటు ఎడమ చెయ్యి కురచగా వచ్చింది. మొదట "ఆయన చెయ్యే పొడుగు" అని వాదించాడు. రెండో కోటుకీ అదే జరిగాక మాట్లాడకుండా కత్తెరకి నూనె రాసి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టేశాడు. ఎవరైనా కోటు గుడ్డ తెస్తే, "మానేశానండీ" అని పంపించేసేవాడు.

పని లేని దర్జీ ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో పెద్దమ్మకి అప్పుడు తెలిసింది. వంటింట్లో ఆవిడ వెనకే నిలబడి, "ఈ గరిట పిడి ఇంకాస్త పొట్టిదైతే నీ మణికట్టుకి మంచిది" అనేవాడు. కొన్నాళ్ళకి ఆ మాటలూ మానేశాడు. ఒకరోజు మెడలోంచి టేపు తీసి మేకుకి తగిలించాడు. పెద్దమ్మ వెంటనే నాకు ఫోన్ చేసింది.

"నువ్వొకసారి రా."

వెళ్ళేసరికి ఆయన కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నాడు. టేపు లేని ఆ మెడ సన్నగా, పరాయి మనిషిదిలా ఉంది. పెద్దమ్మ నన్ను కూర్చోమని కూడా అనలేదు. పరుపు కిందనుంచి బల్ల కాగితం లాగి, తెచ్చి ఆయన కాళ్ళ ముందు పరిచింది.

"గీత ఎక్కడ గీశారు? కత్తెర ఎక్కడ వేశారు?"

ఆయన వంగి చూశాడు. సుద్దగీత లోపలుంది. కాగితం దానికి అంగుళం బయట, నాలుగు వైపులా సమానంగా కత్తిరించి ఉంది.

"కుట్టుకి వదిలాను," అన్నాడు, అందులో వింతేముందన్నట్టు. కోటుకి కాగితం కత్తిరించినప్పుడల్లా, కుట్టులోకి పోయే గుడ్డ కోసం అలా అంగుళం వదలడం ఆ చేతికి అలవాటు.

"బల్లకి కుట్టేంటండీ? బీరువాకి కుట్టేంటి? రెంటినీ కలిపి కోటు కుడతారా?"

పెదనాన్న ముఖం చూడాలి. ముందు తెల్లబోయాడు, తర్వాత ఎర్రబడ్డాడు, తర్వాత వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. బల్ల పట్టేది. ఇంకా సందు మిగిలేది కూడా.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

"చెప్పలేదేం?"

పెద్దమ్మ కిటికీ వైపు చూసింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎటు చూసినా గుడ్డ, ఎటు చూసినా దారాలు, నడిమధ్య మీ బల్ల. ఒక్క చాప పట్టేంత చోటు, ఏమీ లేకుండా ఉంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. మీరు ఇలా అయిపోతారనుకోలేదు."

నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆయన గట్టిగా అరుస్తాడనుకున్నాను.

"ఎలా ఉంది మరి?" అన్నాడు.

"ఏది?"

"అదే, ఖాళీ."

"బాగుంది," అంది పెద్దమ్మ చిన్నగా. వెంటనే, "సరే పదండి, బల్ల తెచ్చుకుందాం," అని చెప్పులేసుకుంది.

"పదవే పద. కాజాలు తీసే మనిషి పట్టేసింది, కత్తెర పట్టినవాణ్ణి నాకు కనబడలేదు! ఈ మాట బయటెక్కడా అనకండి ఇద్దరూ," అంటూ ఆయన మేకుకున్న టేపు తీసి మెడలో వేసుకున్నాడు.

ఇస్త్రీ పాకలో బల్ల మీద బట్టల మూటలున్నాయి. ఒక మూల ఇస్త్రీ పెట్టె ఆకారంలో నల్లగా కాలిన మచ్చ.

"ఇదేంటయ్యా!"

"పెట్టె పెట్టి మర్చిపోయాను మాస్టారూ. బల్ల మంచిదండీ, ఏమీ అనలేదు."

"అది అనదు. నేనంటాను."

సంగతి విని ఇస్త్రీ అతను తల గోక్కున్నాడు. "మీ బల్లేగా, తీసుకెళ్ళండి. ఈ మూటలొక్కటీ ఎక్కడైనా సర్దుకోవాలి. పొద్దుటిపూటైతే ఇబ్బందే లేదండీ, బట్టలు పోగేసుకొచ్చేసరికి నాకు మధ్యాహ్నమవుతుంది. అప్పటిదాకా ఇది ఖాళీయే."

పెదనాన్న బల్ల మీద అరచెయ్యి వేసి, ఈ చివరినుంచి ఆ చివరికి నిమిరాడు. పెద్దమ్మ బల్ల కాళ్ళు చూస్తోంది, ఎలా మోయించాలా అని. ఆయన ఆవిడని చూశాడు.

"ఇక్కడే ఉండనీ," అన్నాడు. "పొద్దున నేను, మధ్యాహ్నంనుంచి నువ్వు. పెట్టె మాత్రం ఈ మూల దాటి వచ్చిందో, ఊరుకోను."

"ఇంట్లో పట్టేదానికి ఇక్కడెందుకండీ?" అంది పెద్దమ్మ.

"ఇంట్లో నీ చీపురు గోల. ఇక్కడ ప్రశాంతంగా ఉంది," అన్నాడు. ఇటు రోడ్డు మీద లారీ హారను కొడుతోంది, అటు రేడియో మోగిపోతోంది.

మర్నాడు నేను ఇంకా అక్కడే ఉన్నాను. ఆయన గడ్డం గీసుకుని, కత్తెర సంచీలో పెట్టుకుని, క్యారేజీ కట్టించుకుని, "వస్తానే" అని ఆఫీసుకెళ్ళేవాడిలా బయల్దేరాడు. ఇస్త్రీ పాక గుమ్మంలోంచి కనబడుతూనే ఉంటుంది. పెద్దమ్మ తలుపు దగ్గరగా వేసి, చాప పరుచుకుని కూర్చుంది.

మధ్యాహ్నం వచ్చాడు, చొక్కా నిండా సుద్దపొడి. బ్యాంకు మేనేజరుగారి కోటు చెయ్యి విప్పి, మిగిలిన గుడ్డలో కొత్తది కత్తిరించాడట, తిన్నగా వచ్చిందట. కాళ్ళు కడుక్కుని కిటికీ కిందికొచ్చి, ఆ ఖాళీని తలతిప్పి తలతిప్పి చూశాడు.

"ఇక్కడ ఒక చిన్న స్టూలు వేస్తే..."

"వెయ్యం."

"వద్దులే," అని ఆవిడ పక్కనే చాప మీద కాళ్ళు చాపుకున్నాడు.

"కాస్త అటు జరగండి. వెలుతురుకి అడ్డం," అంది పెద్దమ్మ.

జరిగాడు.