ఊపిరుండాదప్పా!

బత్తలపల్లె దగ్గర బడిలో నేను లెక్కలు చెప్పే రోజుల్లో ఒక సైన్సు సారు ఉండేవాడు. పాత కంప్యూటర్ ఆన్ చేయగానే దాని డబ్బాకు చెవి ఆనించేవాడు. లోపల ఫ్యాను తిరిగితే చాలు, "ఊపిరుండాదప్పా!" అని అరిచేవాడు.

కొత్త సాఫ్ట్‌వేర్లేవీ ఎక్కని ఆ బడి ముసలి కంప్యూటర్లలో, ఎవరో సరదాకి రాసి ఊరికే పంచిపెట్టిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. ఎండకు వేడెక్కి ఆగిపోకుండా కిటికీకి తడి గోనెపట్టా కట్టాడు. పిల్లలు వాటి మీదే తెలుగు టైపు నేర్చుకున్నారు.

అంతలో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఆయుధపూజకు గది శుభ్రం చేయాలని హెడ్మాస్టరు పాతవాటిని పాత సామాన్ల ఆటోలోకి ఎత్తించాడు. సారు ఆటోకు అడ్డం నిలబడ్డాడు.

"బతికుండేవాటిని యాడికి తోలిస్తాండారు సార్?"

"ఎమ్మెల్యే వచ్చి చూస్తే నామర్దా కాదేమప్పా?" అన్నాడు హెడ్మాస్టరు. ఆటో వెళ్ళిపోయింది.

పూజనాడు కొత్తవాటికి అట్టపెట్టెల మీదే కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టారు. ఎమ్మెల్యే వచ్చి ప్రారంభించేదాకా విప్పకూడదట! ఆ మహానుభావుడికి తీరిక దొరకలేదు. పిల్లలు తాళం వేసిన గది ముందు నుంచి వెళ్ళేవాళ్ళు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సారుకు గుత్తికి బదిలీ అయింది. వెళ్ళేరోజు ఆ గది తెరిపించి, ఒక అట్టపెట్టెకు చెవి ఆనించాడు. నేను నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

"ఊపిరుండేదాన్ని పారేసి, పీనుగకు బొట్టు పెట్టినారు కదప్పా" అన్నాడు.